మూడోసారి అనలేదుగా!

ఆ రోజు పొద్దున మార్కెట్లో నేను పాట పెడుతున్నాను. పాట అంటే సంగీతం కాదు, మా చేపల వ్యాపారంలో వేలాన్ని అలాగే అంటాం. కైకలూరు చెరువుల నుంచి ఐసులో వచ్చిన బొచ్చెల ట్రేలు నా ముందున్నాయి. కొనేవాళ్లు చుట్టూ మూగారు. "బొచ్చె ఒకటోసారి" అనాల్సినదాన్ని "బస్సు ఒకటోసారి" అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. "ఏం లక్ష్మక్కా, పొద్దున్నే బస్సులమ్ముతున్నావా?" అని ఎవరో అన్నారు. నేనూ నవ్వేసి మళ్లీ మొదలుపెట్టబోయాను. ఈసారి బస్సు కూడా రాలేదు. ట్రే అంచు పట్టుకున్న కుడిచెయ్యి దానంతటదే జారిపోయింది.

నా పేరు నాగలక్ష్మి. మాది విజయవాడ, పటమట. గొంతెత్తితే మార్కెట్టు ఆ చివరికి వినపడే మనిషిని. పాట పెట్టడం మా నాన్న దగ్గర నేర్చుకున్నాను, ఆయన మానేశాక ఆ వేలం పీట మీద నేనే నిలబడ్డాను. మా ఆయన ఏడుకొండలు నాకు మేనత్త కొడుకు, కాటా దగ్గర తూకం చూసుకుంటాడు. తూకం ఆయనది, నోరు ఆవిడది అని మార్కెట్లో మా గురించి చెప్పుకుంటారు. అలాంటి నోరు ఉన్నపళంగా మూతపడితే అక్కడున్నవాళ్లకి కాళ్లూ చేతులూ ఆడలేదు.

"షుగర్ పడిపోయుంటది, నోట్లో పంచదార పొయ్యండి" అన్నారు ఒకరు. "గ్యాసయ్యా అది, సోడా పట్టించండి" అన్నారు ఇంకొకరు. ఒక పెద్దాయనైతే పసరు పోసే ఊరు తనకి తెలుసని, కారు మాట్లాడమని బయల్దేరాడు. మా ఆయన కాటా వదిలేసి వచ్చి నా మూతి వంక చూశాడు. అది ఒక పక్కకి లాగేసి ఉందట.

"పంచదారా వద్దు, పసరూ వద్దు. ఇది మా లక్ష్మి పాఠంలో ఉంది!" అని అరిచి, ఐసునీళ్లు కారుతున్న చేపల వ్యానులోనే నన్ను ఎక్కించేశాడు.

ఆ పాఠం సంగతి చెప్పాలి. నేనప్పుడు దూరవిద్యలో బీఏ సైకాలజీ చదువుతున్నాను. నవ్వకండి. ఇన్నేళ్లు పీట మీద నిలబడి మనుషుల్ని చూశాను. పక్కవాడు చెయ్యెత్తాడన్న ఉక్రోషంతో అక్కర్లేని సరుక్కి చెయ్యెత్తేవాడు ఉంటాడు. ఇంట్లో గొడవపడొచ్చి ఆ కోపమంతా శీలావతి చేప మీద తీర్చుకునేవాడు ఉంటాడు. అసలీ మనిషి లోపల ఏం జరుగుతుందా అని నాకు చచ్చేంత కుతూహలం. మా అమ్మాయి హారిక ఒకరోజు, "అమ్మా, నువ్వు రోజూ చెప్పే కబుర్లకి ఒక డిగ్రీ ఉంది, తెలుసా?" అంది. ఇంటర్‌తో ఆగిపోయిన నా చదువు అలా మళ్లీ మొదలైంది.

ఆదివారాలు గవర్నర్‌పేటలో క్లాసులు. వారమంతా పట్టిన చేపల వాసన పోవాలని సబ్బు అరగదీసుకుని, మల్లెపూలు పెట్టుకుని సిటీ బస్సెక్కేదాన్ని. క్లాసయ్యాక పునుగులు కట్టించుకుని, ఫ్రాయిడ్ ఏమన్నాడో బస్సులో పక్క సీటావిడకి చెప్పుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. ఆవిడ దిగాల్సిన స్టాపు దాటిపోయిన రోజులున్నాయి. నా జీవితంలో అంత సంతోషంగా ఎక్కడికీ వెళ్లలేదంటే నమ్మండి.

నాకు చదివింది ఎవరికైనా అప్పజెబితేగానీ బుర్రకెక్కదు. సాయంత్రం పూట నేను కూరగాయలు తరుగుతూ అప్పజెబుతుంటే మా ఆయన పుస్తకం పట్టుకుని సరిచూసేవాడు. ఆయన ఏడో తరగతి వరకే చదివాడు గానీ ఒక్క ముక్క వదిలినా ఒప్పుకునేవాడు కాదు. మెదడులో ఎడమపక్క బ్రోకా ప్రాంతమని ఉంటుంది, మాట పలకడానికి అదే ఆధారం, దానికి రక్తం అందకపోతే మాట పోతుంది, దాంతోపాటు కుడిచెయ్యి కూడా పడిపోవచ్చు. ఈ పాఠం ఆ వారమే ఆయనకి అప్పజెప్పాను. "అలాంటప్పుడు ఇంట్లో పెట్టుకుని కూర్చోకండి, స్కాన్ ఉన్న హాస్పిటల్‌కి పరిగెత్తండి" అని మా మేడమ్ క్లాసులో అన్న మాట కూడా కలిపి చెప్పాను.

వ్యానులో నాకు స్పృహ ఉంది. నాకేమైందో నాకు తెలుసు. అది ఐదు మార్కుల ప్రశ్న. జవాబు మొత్తం తలలో ఉంది, చెప్పడానికి నోరు లేదు. భయంతో పాటు ఒళ్లుమండింది కూడా. పరీక్షకని చదివిన పాఠం నామీదే ప్రాక్టికల్ పెట్టడమేంటని.

హాస్పిటల్లో వెంటనే సీటీ స్కాన్ తీశారు. "ఎడమవైపు క్లాట్ ఉందండీ. స్ట్రోక్. ఇంజెక్షన్ ఇస్తే కరిగే ఛాన్సుంది, రిస్కు కూడా ఉంది" అన్నారు న్యూరాలజీ డాక్టరుగారు. మా ఆయన సంతకం పెట్టాడు. ఇంజెక్షన్ ఇచ్చి ఐసీయూలో పెట్టారు. మర్నాడు డాక్టరుగారొచ్చి, "మంచి టైమ్‌కి తెచ్చారు. స్ట్రోకని ఎవరు గుర్తుపట్టారు?" అని అడిగారు.

"నేనేనండి. అప్పజెప్పించుకున్నాను కదా" అన్నాడు మా ఆయన. డాక్టరుగారికి ఏమీ అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది, ఒక పక్కకే వచ్చింది.

చెయ్యి కొద్దికొద్దిగా కదలడం మొదలైంది. మాట మాత్రం రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది, నేను చెప్పాలనుకున్నది ఒకటి, నోట్లోంచి వచ్చేది ఇంకొకటి. ఐసీయూలో నర్సమ్మ మా ఆయన్ని చూపించి, "ఈయనెవరమ్మా?" అంది. నేను శక్తంతా కూడగట్టుకుని "బొచ్చె" అన్నాను.

"ఓహో, బొచ్చె గారా అండీ మీ పేరు?" అందా పిల్ల, రాసుకోబోతూ.

"కాదమ్మా, బొచ్చె చేప" అన్నాడాయన. చెప్పకూడదు గానీ, బొచ్చెకి తలకాయ పెద్దది, మా ఆయనకీ అంతే. ఏడుపూ నవ్వూ కలిసొచ్చి ఇద్దరం అక్కడే కళ్లు తుడుచుకున్నాం.

"దీన్ని అఫేసియా అంటారు" అని చెప్పారు డాక్టరుగారు. "ఆవిడ తెలివి ఎక్కడికీ పోలేదు. మాట బయటికొచ్చే దారి దెబ్బతింది. స్పీచ్ థెరపీ చేయించండి. ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేను."

ఇంటికొచ్చాక మొదలైంది అసలు బాధ. అందరూ మంచివాళ్లే, నా మీద ప్రేమ ఉన్నవాళ్లే. నేను "నీ..." అనేసరికి మా ఆడపడుచు సత్యవతి వదిన నీళ్లు తెచ్చేది. నేను అడగబోయింది నీరెండలోకి కుర్చీ జరపమని. "కా..." అంటే కాఫీ వచ్చేది. నాకు కావాల్సింది కాలి కింద దిండు. నా మాటలు వాళ్లే పూర్తిచేసేసి, నా చేత తాగించిన కాఫీలూ నీళ్లూ అన్నీ ఇన్నీ కావు. బాత్రూమ్‌కి తీసుకెళ్లమని చెప్పడానికి మళ్లీ ఇంకో యుద్ధం.

ఒకరోజు వదిన నా పుస్తకాలు సర్ది అటక మీద పెట్టించబోయింది. "ఇంకెందుకు లక్ష్మీ ఈ చదువు? మనిషివి దక్కావు, అదే పదివేలు. పరీక్షలు సరే, రాసేస్తావనుకో, ఆ వైవానో ఏదో, నోటితో చెప్పాలంటగా?" అంది.

నిజమే. ఆఖరి సంవత్సరంలో ప్రాక్టికల్స్ ఉంటాయి. మనం చేసిన ప్రయోగాల మీద బయటి నుంచొచ్చిన ఎగ్జామినర్ ప్రశ్నలడుగుతాడు, నోటితో జవాబు చెప్పాలి. అదే వైవా. అది అవ్వకపోతే డిగ్రీ లేదు. పాట పెట్టే పని మా నాన్న ఇచ్చింది, ఇల్లు అత్తమామలు ఇచ్చింది, ఆ డిగ్రీ ఒక్కటే నాకు నేనుగా కోరుకున్నది. "వద్దు" అనబోయాను. "వంకాయ" వచ్చింది. పుస్తకాల మీద చెయ్యేసి అలాగే పడుకున్నాను. మా హారిక వాటిని అటకెక్కనివ్వలేదు.

స్పీచ్ థెరపిస్టు గ్రేసమ్మ గారు. చిన్న గది, గోడ మీద నాలుక బొమ్మ, ఎప్పుడూ నవ్వు మొహం. బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనేవారు. గొడుగు చూస్తే గొనుగుడే వచ్చేది. కొన్ని వారాలు చూసి ఆవిడ మా ఆయనతో అన్నారు: "కొందరికి మాట రాకపోయినా పాట వస్తుందండీ. పాటకి మెదడులో అవతలి పక్క కూడా సాయం చేస్తుంది. మీ ఆవిడకి పాటల అలవాటేమైనా ఉందా?"

"పాట అలవాటేంటండీ, ఇరవై ఏళ్ల నుంచి పాటలోనే ఉంది!" అన్నాడు మా ఆయన.

గ్రేసమ్మ గారి మొహం వెలిగిపోయింది. "అయ్యో, ఇన్నాళ్లూ చెప్పలేదేం? ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

"వాళ్ల నాన్న దగ్గరండి. ఆయన పాటంటే అటు హనుమాన్ జంక్షన్ నుంచి కూడా వచ్చేవాళ్లు."

"కచేరీలు కూడా చేసేవారా?"

"కచేరీయా? రోజూ పొద్దున్నేనండి. వందమంది చేరతారు. ఈవిడ పీటెక్కిందంటే ఎవరూ నోరెత్తరు, చెయ్యెత్తుతారంతే."

"మా చర్చి కాయిర్‌లో కూడా మంచి గొంతులున్నాయి గానీ, వందమందా! ఏం పాడతారండీ, కీర్తనలా, లలిత సంగీతమా?"

"చేపలండీ" అన్నాడు.

నాకు కడుపులోంచి తన్నుకొచ్చింది నవ్వు. గొంతు తెరుచుకుని, ఆ గది దద్దరిల్లేలా నవ్వాను. స్ట్రోక్ వచ్చాక నా గొంతు అంత పెద్దగా నేను విన్నది అప్పుడే. సంగతి తెలిశాక గ్రేసమ్మ గారు కళ్లనీళ్లు తుడుచుకుని, "సరే, ఆ పాటే పెట్టించండి. ఏ పాటైతేనేం!" అన్నారు.

మా ఆయన బల్ల మీది గొడుగు బొమ్మ తీసి నా ముందు పెట్టాడు. మార్కెట్లో పిలిచినట్టే, "సరుకొచ్చింది లక్ష్మీ, కానియ్" అన్నాడు. నా ఎడమచెయ్యి దానంతటదే పైకి లేచింది. "ఒకటోసారి" అంది నా నోరు. నేనన్నానని నేనే నమ్మలేదు. "రెండోసారి." గ్రేసమ్మ గారు కుర్చీ ముందుకి జరిపారు. "మూడోసారి!" అని బల్ల మీద కొట్టాను. ఆ ఊపులోనే "గొడుగు!" అని వచ్చేసింది. మా ఆయన ఆ బొమ్మని తనే కొన్నట్టు చంకలో పెట్టుకుని గదంతా తిరిగాడు.

ఆ తర్వాత మా ఇంట్లో పొద్దస్తమానం వేలమే. గ్రేసమ్మ గారు పద్ధతి నేర్పారు, మేం ఇంట్లో సాధన చేశాం. హారిక గరిటె చూపించేది, నేను "గరిటె ఒకటోసారి, గరిటె రెండోసారి" అని రాగం తీసేదాన్ని. దువ్వెన, చెంబు, చీపురు, దేన్నీ వదల్లేదు. కింద వాటాలో కొత్తగా దిగిన వాళ్లావిడ ఒకరోజు మొహమాటపడుతూ పైకొచ్చి, "ఇల్లు ఖాళీ చేస్తున్నారాండీ? మిక్సీ ఉంటే మేం తీసుకుంటాం" అని అడిగింది.

ఒకటో రెండో మాటలు పాటలో ఇమిడేవి, తర్వాత చిన్న వాక్యాలు. రాగం మెల్లగా తగ్గించుకుంటూ రమ్మనేవారు గ్రేసమ్మ గారు. "వదినా, కాఫీ వద్దు" అని నేను మొట్టమొదట సొంతంగా చెప్పిన రోజు సత్యవతి వదిన నన్ను వాటేసుకుని ఏడ్చింది. వెంటనే కాఫీ తెచ్చింది, అది వేరే విషయం.

అంతా ఇలా తిన్నగా సాగలేదు. ఆ వర్షాకాలంలో ఒకరోజు ఫిట్స్ వచ్చాయి. లేచేసరికి మళ్లీ మాట మొత్తం పోయింది, "ఒకటోసారి" కూడా రాలేదు. మళ్లీ హాస్పిటల్, ఎమ్మారై, ఈఈజీ. "కొత్త స్ట్రోక్ కాదు, భయపడకండి. పాత దెబ్బ వల్ల కొందరికి ఫిట్స్ వస్తాయి. మాట తిరిగొస్తుంది" అన్నారు డాక్టరుగారు. ఇంకో మందు కలిపారు. మాట తిరిగొచ్చింది గానీ, నేను చాలా దిగాలు పడ్డాను. ఆ ఏడాది పరీక్షలు పోయాయి. డిప్రెషన్ పాఠం కూడా నాకు వచ్చు కాబట్టి, ఈసారి కూడా నాకేమవుతుందో తెలుస్తూనే ఉంది. నేనే అడిగి కౌన్సెలింగ్‌కి వెళ్లాను.

మళ్లీ ఆదివారం క్లాసుకి వెళ్లిన రోజు నేను మర్చిపోలేను. మా సైకాలజీ మేడమ్ అటెండెన్సు తీసుకుంటున్నారు. "నాగలక్ష్మి" అన్నారు. "ప్రెజెంట్" అనాలి. "ప్ర... ప్ర..." దగ్గర ఆగిపోయాను. మేడమ్ తల ఎత్తి నన్ను చూశారు. తర్వాతి పేరు పిలవలేదు. పెన్ను పుస్తకం మీద పెట్టి, తొందరేమీ లేనట్టు కూర్చున్నారు. క్లాసంతా ఆగింది. నా ప్రాణమంతా కూడదీసుకుని, "ఉన్నాను మేడమ్" అన్నాను. "చాలా సంతోషం" అని టిక్కు పెట్టుకుని తర్వాతి పేరు పిలిచారు. నాకు ఆరోజు మందు అదే అనిపించింది.

వైవా రోజు రానే వచ్చింది. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బయట వరండాలో నిలబడ్డాడు, పరీక్ష ఆయనదే అన్నట్టు. నేను చేసిన ప్రయోగం జ్ఞాపకశక్తి మీద. అంకెలు వరసగా చదివితే ఎదుటి మనిషి ఎన్ని గుర్తుపెట్టుకుని చెప్పగలడో చూడటం. మా వదిన మీదే చేశాను.

ఎగ్జామినర్ గారు పెద్దాయన, నెమ్మదైన మనిషి. పక్కనే కూర్చున్న మా మేడమ్ నా సంగతి ముందే చెప్పినట్టున్నారు. మొదటి రెండు ప్రశ్నలకి తడుముకుంటూ జవాబిచ్చాను. మూడోది అడిగారు. "స్వల్పకాలిక స్మృతిలో ఉన్నది ఎక్కువ కాలం నిలవాలంటే ఏం చేయాలమ్మా?"

వచ్చు. బ్రహ్మాండంగా వచ్చు. కానీ మాట గొంతులో అడ్డంపడింది. "పు... పు..." అంటున్నాను. ఆయనకి నా మీద జాలి కలిగింది. "పర్లేదమ్మా. ఇంత కష్టంలో ఇక్కడిదాకా వచ్చారు, అదే గొప్ప. మార్కులు వేస్తాను, ఇక వెళ్లండి" అని నా రికార్డు మూసేయబోయారు.

జాలి మీద పాసవ్వడానికా నేను గరిటెల్నీ చీపుళ్లనీ వేలం వేసింది? నా చెయ్యి లేచింది. "మూడోసారి అనలేదుగా సార్!" అన్నాను. ఒక్క తడబాటు లేకుండా, మార్కెట్టు గొంతుతో. వరండాలో మా ఆయన ఉలిక్కిపడ్డాడట.

"ఏంటమ్మా?" అన్నారాయన.

"వేలంలో సార్... మూడోసారి అనేదాకా... పాట అవ్వదు. నా జవాబు... ఇంకా నా దగ్గరే ఉంది."

ఆయన నా వంక చూశారు, మేడమ్ వంక చూశారు. రికార్డు మళ్లీ తెరిచి, పెన్ను పక్కన పెట్టి, కుర్చీలో వెనక్కి వాలారు. "అలాగేనమ్మా. ఒకటోసారి" అన్నారు.

నేను కళ్లు మూసుకున్నాను.

"రెండోసారి" అన్నారాయన, బాగా నిదానంగా.

"పునశ్చరణ!" అన్నాను. "మళ్లీ మళ్లీ... అప్పజెప్పాలి సార్. మా ఇంట్లో... అప్పజెప్పించుకున్నాయన... బయటే ఉన్నాడు."

పాసయ్యాను. జాలి మార్కులు కావు, అడిగి మరీ తెలుసుకున్నాను. హారిక ఫోన్లో రిజల్ట్ చూపించినప్పుడు మా ఆయన పటమటలో మా వీధంతా కొరమీను పులుసు పంచుతానని బయల్దేరితే ఆపడం మా వల్ల కాలేదు.

ఇప్పుడు వారంలో కొన్ని రోజులు మళ్లీ పీటెక్కుతున్నాను. పాట నిదానంగా సాగుతుంది, అప్పుడప్పుడు శీలావతిని కొరమీనంటాను, కొనేవాళ్లే సరిచేస్తారు. బీపీ మాత్ర, ఫిట్స్ మాత్ర మానను. శనివారాలు గ్రేసమ్మ గారి దగ్గర కొత్తగా మాట పోయినవాళ్ల పక్కన కూర్చుంటున్నాను. పై చదువుకి అప్లికేషన్ పెట్టాను. మా ఆయన్ని ఇప్పటికీ బొచ్చె అనే పిలుస్తున్నాను, ఇప్పుడు పొరపాటున కాదు.

చదివేవాళ్లకి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తేడా వచ్చినా పంచదారలూ పసర్లూ వద్దు, స్కాన్ ఉన్న హాస్పిటల్‌కి వెంటనే వెళ్లండి. ఇది ఇప్పుడు చాలామంది చెబుతున్నారు. నేను చెప్పేది ఆ తర్వాతి సంగతి. మీ ఇంట్లో అలా మాట తడబడే మనిషి ఉంటే వాళ్ల మాట మీరు పూర్తిచేయకండి. వాళ్ల కళ్లలోకి చూస్తూ కూర్చోండి. మనసులో ఒకటోసారి అనుకోండి. రెండోసారి అనుకోండి. మూడోసారి మాత్రం అనకండి.